సెక్టర్ ఏడులో తరవాణి

భిలాయి, సెక్టర్ 7

చి.ల.సౌ. బిందుప్రియకు,

అత్తయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ, నీ మొగుడూ, నీ కొడుకూ, చివరికి నా మోకాళ్ళూ క్షేమమే. రాంచీలో నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. ఫోన్ చేస్తే శశిధర్ స్పీకర్లో పెడతాడు, ప్రణవ్ లాక్కుపోతాడు, నా మాట నోట్లోనే ఉండిపోతుంది. అందుకే కందిపొడి పార్సిల్లో ఈ ఉత్తరం పెడుతున్నాను. పొడి తర్వాత తిందువుగాని, ముందు ఇది చదువు.

నీ ఉత్తరం అందింది. "రెండుచోట్ల ఖర్చు మోయలేం, బాబు పొద్దున సరిగా తింటున్నాడో లేదో, ట్రైనింగ్ వదిలేసి వచ్చేస్తానత్తయ్యా" అని రాశావు. ఆర్నెల్ల ట్రైనింగులో రెండు నెలలు గడిచాక ఇదేం బుద్ధి? అది పూర్తిచేస్తేనే కదా ప్రమోషన్! సరే, తిట్లు తర్వాత. అడిగినవాటికి జవాబు చెబుతాను.

నువ్వు వెళ్ళగానే నీ మొగుడికి పొదుపు పూనకం వచ్చింది. కార్న్‌ఫ్లేక్స్, బ్రెడ్డు, చీజు, ఆదివారం హోటల్ దోసెలు అన్నీ బంద్ చేశాడు. "బల్క్‌లో కొంటే సస్తా అమ్మా" అంటూ పది కిలోల ఓట్స్ తెప్పించాడు. "ఇదేటిరా, గేదెని గానీ కొన్నావేటి?" అన్నాను. ఉప్మా చేశాను, అట్టు పోశాను, ఉండలు కూడా చుట్టాను. ఏం చేసినా జిగురే. మూడోరోజుకి వాడే ప్లేటు పక్కకి తోసి, ప్లాంటు క్యాంటీన్లో సమోసాలు తింటానని వెళ్ళిపోయాడు. అదీ మన ఇంజనీరుగారి పొదుపు.

బాబు బాగా తింటున్నాడని ఫోన్లో చెప్పాను కదా. అప్పుడది అబద్ధం. మొదటి వారమంతా వాడు పొద్దున ఏదీ ముట్టలేదు. నువ్వు కొన్న ఆఖరి కార్న్‌ఫ్లేక్స్ డబ్బా తెరవబోతే నా చేతిలోంచి లాక్కున్నాడు. ఖాళీ గిన్నె ముందు పెట్టుకుని "మమ్మీ ఆయేగీ తబ్ ఖాఊంగా" అనేవాడు, నువ్వొచ్చాకే తింటాడట. నాకు ఏడుపొచ్చేది. నీకు చెబితే ఆ పూటే రైలెక్కేస్తావని చెప్పలేదు.

ఒకరోజు బతిమాలి బతిమాలి విసుగొచ్చి, వెనక వరండాలో పీట వేసుకుని నా గిన్నె తీశాను. అందులో తరవాణి అన్నం. రాత్రి మిగిలిన అన్నంలో పులిసిన గంజి పోసి ఉంచడం బొబ్బిలిలో మా అమ్మ దగ్గర నేర్చుకున్నదే. శశి చూస్తే "ఇంట్లో అన్నీ ఉండగా నీకీ చద్దన్నమేటమ్మా" అంటాడని, వాడు డ్యూటీకి వెళ్ళాకే తింటుంటాను. ఉల్లిపాయ కొరుకుతుంటే వెనక నుంచి "దాదీ, క్యా ఖా రహీ హో?" అని వినబడింది.

"నీకొద్దులే, ఇది నాది" అన్నాను. నీ కొడుక్కి ఏదైనా కావాలనిపించాలంటే అలాగే అనాలి మరి! ఒక్క ముద్ద పెట్టాను. మొహం చిట్లించాడు, మింగాడు, మళ్ళీ నోరు తెరిచాడు. చివరికి నాకు మిగిలింది ఉల్లిపాయే.

గోడ అవతల నుంచి సాహూ దీదీ చూసి "అరే అమ్మాజీ, యే తో హమారా బోరే బాసీ హై!" అని ఒకటే నవ్వు. ఛత్తీస్‌గఢ్ వాళ్ళకీ పొద్దుటి తిండి ఇదేనట. మర్నాడు ఆవిడ బియ్యప్పిండి కలిపి, అప్పటికప్పుడు చీలాలు పోసి చూపించింది. మన అట్లలాంటివే గానీ పప్పు నానబెట్టక్కర్లేదు, గ్రైండర్ తిప్పక్కర్లేదు. నేను టమాటా పచ్చడి చేసి గోడ మీదుగా అందిస్తుంటాను. ఇప్పుడు మనింట్లో ఒకరోజు తరవాణి, ఒకరోజు చీలా. ఓట్స్ కొద్దికొద్దిగా చీలా పిండిలో కలిపేస్తున్నాను. మీ ఆయనకి తెలీదు, చెప్పకు. పలహారం ఖర్చు సగానికి దిగింది, మిగిలింది నీ మెస్సు బిల్లుకి వెళ్తోంది. కాబట్టి ఖర్చు మాట ఇంకెప్పుడూ రాయకు.

ఇక అసలు సంగతి. నువ్వు వచ్చేస్తానన్నది చదివి సంతోషించాల్సింది పోయి, నాకు బెంగ పుట్టింది. నువ్విక్కడున్నప్పుడు పొద్దున బాబు ఫోన్ చూస్తూ తినేవాడు, నువ్వు డ్యూటీకి పరుగులు తీసేదానివి, నేను ఓ మూల కూర్చునేదాన్ని. ఇప్పుడు వాడు నా పక్కన పీట వేసుకుని "దాదీ, ఏక్ ఔర్ ముద్ద" అంటాడు. నాకీ పొద్దుటిపూట ఇంకొన్నాళ్ళు కావాలి బిందూ. అత్తయ్య త్యాగం చేస్తోందని ఎవరికీ చెప్పకు, ఇది పచ్చి స్వార్థం. నువ్వు పెద్ద ఆఫీసరువి కావాలన్నదీ నిజమే, ఇదీ నిజమే.

వాడు నిన్ను మరిచిపోయాడనుకునేవు. ఆ కార్న్‌ఫ్లేక్స్ డబ్బా ఇప్పటికీ తెరవనివ్వలేదు, మమ్మీతోనే తింటాడట. అలమారు కింది అరలో దాచుకుని రోజూ తీసి చూసుకుంటాడు. పాడైపోతుందేమోనని నిన్న కళ్ళజోడు పెట్టుకుని దాని మీది తేదీ చూశాను. నీ ట్రైనింగ్ అయ్యాక కూడా ఇంకా రెండు నెలలుంది. ఆ మాట వాడికీ చెప్పాను. పూర్తిచేసుకునే రా తల్లీ.

ఇట్లు,
నీ అత్తయ్య,
ఛాయ