వైపు మారని గోలీ

కాశీరాం అన్నకు,

నువ్వు ధర్పల్లి వెళ్లాక మన ఫుట్‌బాల్ క్లబ్బు సంగతులేవీ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

చిన్నప్పుడు పసుపు ఆరబెట్టే కల్లంలోనే ఆడి, పసుపంటిన కాళ్లతో ఇంటికెళ్లి తిట్లు తినేవాళ్లం, గుర్తుందా? మీ తమ్ముడు లోకేశ్ బంతి జారకుండా అరచేతులకు పసుపు రుద్దుకుని పెర్కిట్ ఊరి వైపు గోల్‌లో గోలీగా నిలబడేవాడు. వాడు పోచంపాడ్ డ్యాం నీళ్లలో మునిగిపోయినప్పటి నుంచి, ఏటా తొలి ఆటలో హాఫ్‌టైం దాకా ఆ గోల్‌ను వాడి పేర ఖాళీగా వదులుతున్నాం.

ఈసారి ఎదుటివాళ్లు కొట్టిన ప్రతి బంతీ గీత దగ్గర ఆగి వెనక్కొచ్చింది. తీసి చూస్తే దాని మీద తడితడిగా రెండు పసుపు అరచేతులు.

"మన లోకేశే ఆపుతున్నడు!" అని మనవాళ్లు ఎగిరి గంతేశారు.

హాఫ్‌టైం తర్వాత వైపులు మారి ఆ గోల్‌లోకి మనం కొట్టాలి కదా. మన బంతులూ అట్లాగే తిరిగొచ్చాయి. అక్కడ నిలబడ్డ వాళ్ల గోలీ, "నా పక్కన ఎవలో ఉన్నరు" అంటూ పారిపోయాడు.

బతికున్నప్పుడూ వాడు వైపు మారడం మరిచేవాడు. నువ్వు కేకేస్తేనే కదిలేవాడు. ఆదివారం మళ్లీ ఆట ఉంది, జర రా అన్నా. నేనూ పిలిచి చూశాను, "లోకేశూ, గిటు రారా" అని.

ఖాళీ గోల్‌లోంచి, "అన్న రాలేదా?" అని వినబడింది.