మూడో లెవెల్లో లేని లింకు

జూలై 27, ఆదివారం

నా బాక్సు, ఆ చిన్న కంప్యూటరు, చెరువు గట్టెక్కింది. ఏడాదిగా నా సెలవులన్నీ మింగేసిన సొంత ఆపరేటింగ్ సిస్టమ్ — ప్రతి ముక్కా నేనే కంపైల్ చేసుకున్నది — ఇప్పుడు మావయ్య రొయ్యల చెరువు మకాం షెడ్డులో, మోటార్ల స్టార్టర్ల పక్కన గోడకి. కరెంటు పోయి వస్తే తనంతట తనే లేవాలి. లేచి, నీళ్లలో గాలి కలిపే ఫ్యాన్లని ఒకదాని తర్వాత ఒకటి తిప్పాలి. ఆ వరసంతా, బాక్సు లేవగానే నడిచే బూట్ స్క్రిప్టుల్లో రాశాను.

మావయ్య పక్క చెరువుల రైతులందర్నీ పోగేశాడు. మా మేనకోడలండి, భీమవరంలో కాలేజీ ల్యాబు చూస్తుంది, కొన్నది కాదు, సొంతంగా కట్టింది... ఒకటే చెప్పడం. ల్యాప్‌టాప్ తగిలించి చేత్తో కమాండ్ కొట్టాను. నాలుగు ఫ్యాన్లూ నీళ్లు చిమ్మాయి. చప్పట్లు. నిజానికి మెయిన్ ఆపి, మళ్లీ వేసి చూపించాలి. అది లేచేదాకా అంతమంది ముందు రెండు నిమిషాలు ఏమీ జరక్కుండా నిలబడటం నామోషీ అనిపించింది.

వాచ్‌మన్ ఏడుకొండలుకి మాత్రం గట్టిగా చెప్పాను — ఇక స్టార్టర్ల పచ్చ బటన్లు ముట్టుకోకు, ఏదైనా ఉంటే మావయ్యకి కాదు, నాకు ఫోన్ చెయ్యి. పదిహేనేళ్లుగా ఆ బటన్లు నొక్కుతున్న మనిషి. అలాగేనండి అన్నాడు.

జూలై 30, బుధవారం

రొయ్య తేలిపోయింది.

రెండు రోజులుగా ముసురు. తెల్లారుతుండగా కరెంటు పోయి, పది నిమిషాల్లో వచ్చిందట. ఫ్యాన్లు లేవలేదు. ఎండ లేని రోజుల్లో ఆ వేళకి నీళ్లలో గాలి ఎలాగూ తక్కువ. ఏడుకొండలు సైకిలు మీద వెళ్లి మావయ్యని లేపాడు. మావయ్య వచ్చి బటన్లు నొక్కేసరికే గట్టు పొడుగునా తెల్లగా... సగం పోయిందంటున్నారు. పట్టుబడికి ఇంక పదిహేను రోజులే.

నా ఫోన్లో ఏడుకొండలు కాల్. ఒక నిమిషం మాట్లాడినట్టుంది. తర్వాత రెండు మిస్డ్ కాల్స్.

జూలై 31

గుర్తులేదని అనుకోవాలని చూశాను. గుర్తుంది. "కరెంటొచ్చిందండి, ఫ్యాన్లు తిరగట్లేదండి, నొక్కేయమంటారా?" నేను నిద్రమత్తులో విసుక్కున్నాను. అదే లేపుతుంది, నీకెందుకు, ముట్టుకోకు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి అటు తిరిగి పడుకున్నాను. ఛీ.

తప్పు దొరికింది. వెతకడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. ఇంట్లో పరీక్ష చేసినప్పుడల్లా తెర తగిలించి ఐదో రన్‌లెవెల్లో, అంటే తెరతో నడిచే స్థాయిలో, లేపేదాన్ని. లేవగానే ఫ్యాన్ల స్క్రిప్టుని నడిపించే లింకు ఆ ఐదో దాంట్లోనే ఉంది. చెరువు దగ్గర తెర ఉండదు కదా, మూడోది చాలని, గట్టు మీద నిలబడి ఆ ఒక్క అంకె మార్చాను. మూడో దాంట్లో లింకు పెట్టలేదు. బాక్సు శుభ్రంగానే లేచింది. ఫ్యాన్లు తిప్పమని దానికెవరూ చెప్పలేదు.

ఆగస్టు 1

ఏడుకొండలుని మానిపించేశారు.

మకాంలో, నా ఎదురుగానే. నిద్రపోయి ఆలస్యంగా చూసుకుని ఉంటాడని మావయ్య ఖాయం చేసేసుకున్నాడు. "ఫ్యాన్లు ఆగితే అంతసేపటికా వచ్చి చెప్పేది?" ఏడుకొండలు ఒక్కసారి నా వైపు చూశాడు. తర్వాత నేల చూశాడు. "తప్పయిపోయిందండి." అంతే. కండువా దులుపుకుని, సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు.

మరి బాక్సు ఎందుకు లేపలేదమ్మా అని మావయ్య అడిగాడు. వోల్టేజీ తేడా అయ్యుంటుంది అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

ఆగస్టు 3, ఆదివారం

రోజంతా మకాంలో స్క్రిప్టులు సర్దుతూ కూర్చున్నాను. సున్నా లెవెల్ ఆపడానికి, ఆరు ఆపి మళ్లీ లేపడానికి. మూడు, ఐదు రెండింట్లోనూ ఫ్యాన్లు. ముందు గడియారం, తర్వాత మోటార్లకి కరెంటు కలిపే రిలేలు, తర్వాత ఒక్కో మోటారు. పన్నెండుసార్లు కరెంటు పీకి పెట్టాను. పన్నెండుసార్లూ లేచింది. ఇంత ముచ్చటగా ఎప్పుడూ సర్దలేదు.

సిగ్గులేకపోతే సరి. సర్దాల్సింది ఇది కాదు.

ఆగస్టు 5

ల్యాబులో ఈ వారం పాఠం బూటింగే. చెప్పాను. గొంతు మామూలుగానే ఉంది.

ఆగస్టు 8, శుక్రవారం

అమ్మ వరలక్ష్మీ వ్రతం. ఏడుకొండలు భార్యకి వాయనం నేనే ఇచ్చొస్తానన్నాను. అమ్మ వింతగా చూసింది.

ఆవిడ శనగలు కొంగులో పట్టుకుని లోపలికెళ్లింది. ఆయన అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. ఏడుకొండలు గారూ అన్నాను — ఇన్నేళ్లలో మొదటిసారి. కంగారుపడి లేచి నిలబడ్డాడు. ఆ రోజు ఫోన్ సంగతి మావయ్యకి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే ఏమవుద్దండి... మొన్ననే పదిమందిలో మిమ్మల్ని అంత పొగిడారు. మళ్లీ ఆ పదిమందిలోనే మాట పడతారని ఊరుకున్నానండి."

తల వంచుకుని, "నొక్కేయాల్సిందండి. చెయ్యి బటన్ దాకా వెళ్లింది. మీరు వద్దన్నారని ఆగిపోయాను" అన్నాడు.

నా తప్పేనని చెప్పాను. తెలుసన్నట్టు తలాడించి మజ్జిగ తాగి వెళ్లమన్నాడు. తాగాను కూడా.

మావయ్యకి చెప్పి తీరాలి. ఆదివారం.

ఆగస్టు 10, ఆదివారం

వెళ్లేసరికి మకాంలో మళ్లీ జనం. అదే పక్క చెరువుల వాళ్లు. బాక్సు బాగు చేసిందని మావయ్య ఊరంతా చెప్పుకున్నాడట. మాకూ ఒకటి కట్టిపెట్టమ్మా... నిలబెట్టే అడుగుతున్నారు. కొత్త వాచ్‌మన్‌కి కూడా చెప్పమ్మా, బటన్లు ముట్టుకోవద్దని — మావయ్య.

అప్పుడే అన్నాను. ఎలా అన్నానో. "మావయ్యా, ఆ రోజు ఏడుకొండలు ఫోన్ చేశాడు."

"ఎవరికి?"

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. చెరువంతా చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో "నాకు" అన్నాను. గట్టిగానే అన్నాననుకుంటాను. మావయ్య నా వైపే చూస్తున్నాడు.

కరెంటొచ్చింది. అందరూ చెరువు వైపు తిరిగారు. ఒకటో ఫ్యాన్... రెండు... మూడు... నాలుగు. అందరూ ఒక్కసారి గోల. చప్పట్లు. మావయ్య వాళ్ల వైపు తిరిగి, చూశారా అన్నాడు, నా భుజం మీద చెయ్యి వేసి.

విన్నాడో లేదో తెలీదు. నేను మళ్లీ అనలేదు. వాళ్లతోపాటు నవ్వాను.