తలకిందుల కళ్లజోడు

ఇలోయిలో నగరం

రెమీహియో,

చివరి రోజు మీ అక్క పొద్దున గంజి తాగింది. మధ్యాహ్నం నువ్విచ్చిన త్రీడీ డిస్క్ పెట్టమంది. సాయంత్రం నిద్రలో పోయింది.

కంప్యూటర్‌లో సొరచేప మన మీదికి రావలసింది, లోపలికి పోతోంది. నేను సెట్టింగులన్నీ తిరగేస్తున్నాను. ఆమె ఎరుపు నీలం అట్ట కళ్లజోడును తలకిందులుగా పట్టుకుని, "అమ్మో, ముక్కు దాకా వచ్చేసింది! ఏమయ్యా ఇంజినీరూ, ఆ మౌస్ వదిలి ఇటు చూడు!" అంటూ పకపకా నవ్వింది. ఆటపట్టిస్తోందనుకున్నాను.

ఎడమకంటి బొమ్మ కుడికంటికి పడుతోందనీ, కళ్లజోడు తలకిందులు చేస్తే ఎరుపు నీలం అటూఇటూ మారతాయనీ, తనే సరిగ్గా చూసిందనీ నిన్న తెలిసింది.

రేపు నలభయ్యో రోజు, ఆమె ఆత్మ ఇల్లు విడిచే రోజు. ప్రార్థనకు రా, కంప్యూటర్ మాత్రం బాగుచేయకు. పొద్దున్నే ఆమె కుర్చీ ముందు బియ్యప్పిండి బిబింకా కేకు పళ్లెం పెట్టి, పక్కన కూర్చుని, కళ్లజోడు తలకిందులుగా పట్టుకుని ఆ సొరచేపను చూస్తాను.

మీ బావ