ఓడిపోయానంటేనే జవాబు

మార్చి 4

పజిల్ పేజీకి ఇంకా రెండు పొడుపు కథలు తక్కువ. పొద్దున్నే ఎడిటరు ఫోను. పత్రిక చేతికి రాగానే జనం తిప్పేది మీ పేజీయే సార్ అంటాడు. జీతం సంగతి ఎత్తితే మాత్రం సిగ్నల్ సరిగా లేదంటాడు.

రాసిన ప్రతిదాన్నీ ముందు అక్క మీద ప్రయోగిస్తాను. ముందుగదే అక్క టైలరింగ్ షాపు. నేను కాఫీ గ్లాసుతో స్టూలు మీద కూర్చుని అడుగుతాను, తను మిషను తొక్కుతూ చెప్పేస్తుంది. నా కాఫీ అయ్యేలోపు చెప్పేసిందంటే అది పేజీకి పనికిరాదు. చెత్తబుట్టలోకి పోవాల్సిందే. ఆ బుట్ట నిండినంతగా నా పేజీ ఎప్పుడూ నిండలేదు.

చిన్నప్పటి నుంచీ ఈ ఇంట్లో ఒకటే రూలు. అవతలి మనిషి ఓడిపోయాను అంటేగాని జవాబు చెప్పకూడదు. నేను ఆ మాట అనని వారం లేదు. అక్క ఇంతవరకూ అనలేదు. ఒకసారి జ్వరమొచ్చి మంచాన పడి కూడా ఒప్పుకోలేదు. జ్వరం తగ్గాక జవాబుతోనే లేచింది. మొండిఘటం.

మార్చి 6

అక్క ఎదురు పొడుపు మొదలుపెట్టింది!

గుడ్డ పరిచి, అది ఇలా ఇవ్వరా అంది. ఏదని అడిగాను. అదేరా, ఇద్దరూ కలుసుకున్నప్పుడల్లా మధ్యలో ఉన్నది విడిపోతుందే, అది అంది. ఒక్క క్షణం పట్టింది నాకు. కత్తెర. శభాష్ అని చేతికిచ్చాను. జవాబు నీ నోటితో చెప్పు అంటే, నిన్నే కదా అడిగింది అని విసుక్కుంది. పోటీ అంటే అంతే మరి. రాసిపెట్టుకున్నాను.

మార్చి 9

ఇవాళ టేపు. అందరి నడుమూ పట్టుకుంటుంది, ఎవరూ కోప్పడరు. పడీ పడీ నవ్వాను. అక్క నవ్వలేదు. జోకు బాగా వేసేవాళ్ళు నవ్వరు కదా.

మార్చి 15

పేజీ అచ్చయింది. కత్తెర, టేపు, ఇంకా బొత్తాం. తలుపు లేని గుమ్మంలోంచి రోజూ తల దూరుస్తుంది, లోపలికి మాత్రం వెళ్ళదు. జవాబులు ఎప్పటిలాగే పేజీ అడుగున తలకిందులుగా.

ఇంత సరుకు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు సార్ అన్నాడు ఎడిటరు. అక్కవి అని చెప్పబోయేంతలో లైను కట్టయింది. కట్ చేసింది నేనే.

పేజీ అక్కకి చూపించాను. శ్రద్ధగా చదివింది. బాగున్నాయిరా, ఎవరు రాశారు అని అడిగింది. నన్ను ఆటపట్టిస్తోంది. నేనూ తెలియనట్టు, ఎవరో మహానుభావులులే అన్నాను.

మార్చి 18, మధ్యాహ్నం

అక్క మేడ మీద ఆరిన బట్టలు తీస్తోంది. నేను వెనకగదిలో రాసుకుంటున్నాను. పైనుంచి ఒకటే కేకలు. ఒరే, పడవలా పోతుందే, పోయినచోట అలలుండవు, అదిరా, అది చూడరా అని.

అబ్బ, ఎంత బాగుందో. కాగితం తీసి ముందు రాసుకున్నాను. పడవ దగ్గర ఒక మాట అటూ ఇటూ మార్చి చూశాను. అప్పుడు వచ్చింది కమురు వాసన.

ఇస్త్రీపెట్టె. ప్లగ్గు తీయకుండా పైకెళ్ళింది. దాని కింద షాపుకొచ్చే లాయరమ్మ నల్లకోటు వీపు భాగం కాలి బొక్క పడింది. అక్క ఆయాసపడుతూ మెట్లు దిగొచ్చి కోటుకేసీ చూసింది, నా చేతిలో కాగితానికేసీ చూసింది. అప్పుడు ఏడ్చింది. పొడుపు కథలు కావురా సన్నాసీ, మాట రావడం లేదు, ఆ వస్తువు కనపడుతోంది, దాని పేరు రావడం లేదు అంది.

మార్చి 18, సాయంత్రం

నేను గాడిదని. ఇంకేం రాయను.

మార్చి 22

డాక్టరుకి చూపించాం. చిన్నపిల్లల పుస్తకంలో ఉండేలాంటి బొమ్మలు ఒక్కొక్కటే చూపించి పేరు అడిగింది ఆవిడ. గడియారం బొమ్మకి అక్క, చూసినప్పుడల్లా ఆలస్యమైందనే చెబుతుంది అంది. గొడుగు చూపిస్తే, వానొస్తే గుర్తొస్తుంది, వాన వెలిస్తే బస్సులో ఉండిపోతుంది అంది. తాళంచెవికి, ఇంట్లో అందరికంటే చిన్నది, అది లేకపోతే పెద్దవాళ్ళంతా వీధిలోనే అంది. డాక్టరు అన్నిటికీ సున్నా వేసింది. నేనైతే పేజీ ఇచ్చేసేవాణ్ణి.

అక్కని బయట కూర్చోబెట్టి నాతో మాట్లాడింది. మెదడులో పేర్లుండే చోట జబ్బు మొదలైందట. మెల్లగా పెరుగుతుందట, వెనక్కి రాదట. ముందు వస్తువుల పేర్లు, తర్వాత మనుషులవి. నా పేరు కూడానా అని అడిగాను. మిమ్మల్ని పిలిచే మాట పోవచ్చండీ అంది, ఎప్పుడని చెప్పలేను అంది. పేరు కోసం తడుముకుంటుంటే పరీక్షలు పెట్టకండి, వెంటనే మీరే అందించండి అని మరీ మరీ చెప్పింది.

దార్లో అక్క, ఏమందిరా ఆవిడ అని అడిగింది. విటమిన్లు తక్కువట అన్నాను. నీ మొహం అంది. భయంగా ఉంది నాకు.

మార్చి 24

పేర్లు అందిస్తున్నాను. దువ్వెన. గరిటె. బల్బు. సూది.

సూది దగ్గర అక్క తిరగబడింది. ఓడిపోయానని నేనన్నానా, నువ్వెవరివిరా చెప్పడానికి అని సూదిపెట్టె విసిరికొట్టింది. ఇద్దరం నేల మీద పాకుతూ ఏరుకున్నాం. డాక్టరుగారూ, మా ఇంటి రూలు మీకు తెలియదు.

మార్చి 29

పేజీ వచ్చింది. అక్కని అడగకుండా నేనే పూర్తి చేశాను. చప్పగా ఉంది.

ఏప్రిల్ 5

ఈ మధ్య అడగడం మానేశావేం, నేను పనికిరాననా అని పొద్దున్నే నిలదీసింది. సరేనని కాఫీ గ్లాసుతో స్టూలెక్కాను. పగలు ఎవరికీ పట్టదు, రాత్రయితే అందరి తలా దాని మీదే అన్నాను.

మిషను ఆపింది. పెదాలు కదిలాయి. నేను నాలుక కరుచుకుని కూర్చున్నాను. అక్క లేచి లోపలికెళ్ళి దిండు తెచ్చి నా మొహాన కొట్టింది.

గ్లాసులో కాఫీ ఇంకా సగముంది. చెత్తబుట్టే. ఎంత ఆనందంగా ఉందంటే, మధ్యాహ్నం దాకా ఏ పనీ చేయలేదు.

ఏప్రిల్ 12

లాయరమ్మకి కొత్త కోటు కుడుతోంది. కొలతలు పాత కోటువే. చేతులకి ఏమీ కాలేదు. కాలరు కత్తిరించడం, లైనింగు వేయడం, అన్నీ చకచకా సాగుతున్నాయి. పేరుతో పనిలేకుండా పని అవుతోంది. నిన్న మాత్రం నన్ను పిలవడానికి చప్పట్లు కొట్టింది. ఒరే అనేది ఎప్పుడూ.

ఏప్రిల్ 19, సాయంత్రం

లాయరమ్మ కోటు తీసుకోవడానికి వచ్చింది. వేసుకుని అద్దంలో ఇటూ అటూ తిరిగింది. పాతదానికంటే బాగా కుదిరిందండీ అంది. కాలిన సంగతి మర్యాదకి కూడా ఎత్తలేదు. కోటు విప్పి బల్ల మీద పెట్టి, గుండీల డబ్బాతో నిలబడ్డ నన్ను చూసి, ఈయన మీకేమవుతారు అని అక్కని అడిగింది. ఊరికే అడిగింది పాపం.

అక్క నోరు తెరిచింది. మాట రాలేదు. నేను అందించబోయి, సూదిపెట్టె గుర్తొచ్చి ఆగాను.

నా తర్వాత వచ్చాడు అంది అక్క. నా చెయ్యి పట్టుకుని నడక నేర్చాడు, ఇప్పుడు నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తున్నాడు అంది. జవాబు తెలిసే అడుగుతాడు అంది.

కొడుకా అంది లాయరమ్మ. అక్క కాదని తల ఊపింది. ఇంకా వెతుక్కుంది. తర్వాత నా వైపు తిరిగి, మెల్లగా, ఓడిపోయాను, చెప్పు అంది.

కోటు మడిచి సంచిలో పెట్టాను. ఆవిడ వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 20

పొద్దున కాఫీ ఇస్తూ చెప్పాను. తమ్ముడు, అని.

అక్క గుటకేసి, ఇంత సులువా అని, వేలితో చెత్తబుట్ట చూపించింది.