ఫ్లాస్కుల జోలికి పోను

జూలై 3, సోమవారం. ఉదయం 8:10
ఈరోజు నుంచి దేనిలోనూ వేలు పెట్టను. పది రోజులు! మా ఆవిడ నవ్వింది. "మీరా? పొయ్యి మీద గిన్నె మూత తీయకుండా ఒక్క పూట ఉండండి, చాలు."
ఉండి చూపిస్తాను.
ల్యాబులో గాజుసామాను కడిగి, బ్యాక్టీరియాకు మేత కలపడం నా పని. ఇరవై రెండేళ్లుగా ఇదే. పరిశోధన చేసే అమ్మాయి కొత్త ప్రయోగానికి ఆరు ఫ్లాస్కులు కలిపాను. పీహెచ్ సరిగ్గా 5.0. అంటే బాగా పుల్లన. అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు. అమ్మాయి వాటిలో తన బ్యాక్టీరియా వేసింది.
"రోజూ కొలిచి చార్టులో రాయండి బాబాయ్. ఇంకేమీ చేయొద్దు."
ఇంకేం చేస్తాను!

జూలై 4
ఇంట్లో గిన్నె మూత తీయలేదు. పీహెచ్ 5.0. దివ్యంగా ఉంది.
పులుపు తగిలితే బ్యాక్టీరియా ఒక జన్యువును తెరుస్తుందట. అమ్మాయి చెప్పింది. వాన పడితే మనం గొడుగు తెరిచినట్టు కాబోలు. ఇంకా అడగాలనిపించింది. అడగలేదు. నాకు అడగడం చేతకాదు.

జూలై 5. ఉదయం 8:30
5.3! నేను కలిపింది ఏనాడూ తేడా రాలేదు. అమ్మాయికి తెలిస్తే పరువేం కాను?
ఒక్కో ఫ్లాస్కులో నాలుగు చుక్కలు ఆమ్లం. 5.0. చార్టులో 5.0 అనే రాశాను.
ఇది వేలు పెట్టడం కాదు. నా తప్పు నేను దిద్దుకోవడం.

జూలై 6
5.4. ఆరు చుక్కలు.
ఇంట్లో మూత తీశాను. ఆవిరి పోవాలి కదా.

జూలై 7
5.4. ఏడు చుక్కలు. మీటరు పాడైందేమోనని విప్పాను. మళ్లీ బిగించాను. ఒక స్క్రూ మిగిలింది.

జూలై 9, ఆదివారం
నిన్న వెళ్లాను, ఈరోజూ వెళ్లాను. గేటు దగ్గర కాపలాదారు అడిగాడు: "ఏం సార్, మీకు సెలవు లేదా?"
"మొక్కలకు నీళ్లు పోయాలి."
మా ల్యాబులో మొక్కలు లేవు.

జూలై 11
చుక్కలు వేసి చేతులు కడుక్కుంటుంటే అమ్మాయి చార్టు పట్టుకుని వచ్చింది. గీత స్కేలు పెట్టి గీసినట్టుంది.
"జన్యువు తెరుచుకునే ఉంది బాబాయ్. అయినా పులుపు ఇసుమంత కూడా తగ్గలేదు. తగ్గితే కదా అది మూసుకునేది!"
"తగ్గడమా?"
"పులుపు విరవడానికే కదా ఆ జన్యువు! క్షారం ఎక్కువైతే ఇంకొకటి తెరుస్తాయి, దాన్ని తగ్గించడానికి. ఈ రకం దేనికీ పనికిరాదేమో. ఎల్లుండి గైడు సార్ వస్తే పారబోసేయడమే. మూడేళ్ల పని."
"అయ్యో," అన్నాను.

జూలై 12
ఆమ్లం ముట్టలేదు. నిజం చెప్పేయాలి.
10:00. ఆమె ఫోనులో ఉంది.
11:30. టీ తాగుతోంది. తాగనీ.
3:00. ఒంటరిగా ఉంది. ఇదింకా కష్టం.

జూలై 13
గైడు సార్ ఫ్లాస్కు ఎత్తి సింకు వైపు తిరిగారు.
"వాటి తప్పు లేదు సార్. నేనే రోజూ ఆమ్లం పోశాను."
"ఎన్నాళ్లు?"
"ఏడు రోజులు."
అమ్మాయి ముఖం ఎర్రబడింది. "అవి రాత్రంతా విరవడం, మీరు పొద్దున్నే మళ్లీ పోయడం! ఏం పాపం చేశాయి బాబాయ్ అవి?"
గైడు సార్ ఫ్లాస్కు కింద పెట్టారు. ఇంకో పది రోజులు గడువిచ్చారు. అమ్మాయి సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు మాత్రం ఆగింది. "రేపు మళ్లీ మీరే కలపండి. కలిపాక చేతులు కట్టుకోండి."
ఇంట్లో చెప్పాను. మా ఆవిడ గరిటె ఆపింది. "పాపం, వాటి కష్టం నాకు తెలుసు. పద్దెనిమిదేళ్లుగా నాదీ అదే బతుకు."

జూలై 14. ఉదయం 9:00
ఈరోజు నుంచి దేనిలోనూ వేలు పెట్టను. పది రోజులు! కొత్త ఫ్లాస్కులు ఆరు. 5.0. వాటిని పెట్టిన అద్దాల పెట్టెకు తాళం. తాళంచెవి అమ్మాయి దగ్గర.
10:20. మూడో ఫ్లాస్కు మీద చీటీ వంకరగా అంటించింది. అద్దంలోంచి కనిపిస్తోంది.
10:40. ఇంకా వంకరే.
11:05. తాళంచెవి అడిగాను. ఇవ్వలేదు. బుద్ధిమంతురాలు.
11:06. రేపటి నుంచి అడగను కూడా.