వినిపించని చప్పుడుకి రిపేరు

అక్కా,

నీ మోకాలు ఎలా ఉంది? డాక్టరు నడవమన్నంతే నడుస్తున్నావా, లేక ఆయనకే పాఠాలు చెప్తున్నావా? నిన్న ఫోన్లో ఇవన్నీ అడుగుదామనుకున్నాను. నీ గొంతు వినగానే ఎప్పటిలాగే "అంతా బాగానే ఉంది, షాపు బ్రహ్మాండంగా నడుస్తోంది" అనేశాను. ఫోన్లో నాకు అబద్ధం నాలిక చివరే ఉంటుంది. కాగితం మీద అబద్ధం రాయాలంటే కాస్త ఆలోచించాలి కదా, ఆ ఆలోచించేలోపు నిజం రాసేయొచ్చని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ముందు నీకిష్టమైన కబుర్లు. నువ్వు మీ అమ్మాయి ఇంటికి వెళ్లాక ఇక్కడ మన సైకిల్ షాపు కస్టమర్లు ఒక్కరూ బాగుపడలేదు. గాలి పెద్దమనిషి రోజూ పొద్దున్నే వచ్చి, టైర్లు రెండూ నొక్కి చూసుకుని, "నిన్నటి గాలి అంత బాగా లేదమ్మా" అంటున్నాడు. సీటు మేడమ్ వచ్చిన ప్రతిసారీ సీటు వేలెడు పైకి లేపమంటుంది, మళ్లీసారి వేలెడు దించమంటుంది. మొన్న నేను పానా పట్టుకుని బిగించినట్టు నటించి, అసలు కదపకుండా ఇచ్చాను. "ఇదిగో, ఇప్పుడు కుదిరింది" అని మెచ్చుకుని వెళ్లింది. వారంటీ బాబేమో పంక్చర్ అతుక్కి జీవితకాలం హామీ ఇమ్మంటాడు. ఎవరి జీవితకాలమండీ, అతుకుదా మీదా అన్నానని మొహం మాడ్చుకున్నాడు. నువ్వయితే నవ్వుతూ సర్దిచెప్పేదానివి. నాకా ఓపిక లేదని నీకు తెలిసిందే.

సరే, ఇంక చప్పుడుగారి సంగతి రాయాలి. ఈ ఉత్తరమంతా దానికోసమే. కళ్లజోళ్ల దుకాణం నడిపి, వయసు మీదపడి మూసేసిన పెద్దాయనకి ఆ పేరు పెట్టింది నువ్వే. ఒకసారి చైను దగ్గర టిక్కుమంటోందనీ, ఒకసారి పెడల్ కింద కీచుమంటోందనీ ఎప్పుడూ వస్తూనే ఉండేవారు. మనిద్దరం తొక్కి చూసినా ఏమీ వినపడేది కాదు. అయినా నువ్వు ఏనాడూ లేదని చెప్పలేదు. "అవునండీ, ఉంది, కూర్చోండి" అనేదానివి. సైకిల్ని తలకిందులుగా నిలబెట్టి, పాత దుప్పటి ముక్కతో చంటిపిల్లకి ఒళ్లు తుడిచినట్టు నెమ్మదిగా అంతా తుడిచేదానివి. చక్రాలు ఒకసారి తిప్పి, "పోయిందండీ" అని ఇచ్చేసేదానివి. ఆయన వీధి చివరిదాకా తొక్కి వెనక్కొచ్చి, "పోయిందమ్మా, నీ చెయ్యి మంచిది" అనేవారు. ఆయన అటు వెళ్లగానే మనం తలుపు చాటున పడీపడీ నవ్వేవాళ్లం. దానికి గుడ్డవైద్యం అని పేరు పెట్టింది మాత్రం నేనే.

నువ్వు లేవు కాబట్టి ఆ వైద్యం నేనే చేస్తున్నాను. ఆ రోజు ఆయన కంగారుగా వచ్చారు. "అమ్మాయ్, ఈసారి ముందు నుంచి వస్తోంది. బ్రేకు వేస్తే కిర్రుమంటోంది. నాకు భయంగా ఉందమ్మా" అన్నారు. భయం అన్న మాట ఆయన ఎప్పుడూ అనలేదక్కా. నా చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. అప్పుడే వారంటీ బాబుతో గొడవపడి ఒళ్లు మండిపోతూ ఉన్నాను. "అవును బాబాయిగారూ, వినిపిస్తోంది" అన్నాను. సైకిల్ని తలకిందులు కూడా చెయ్యలేదు. సీటూ, హ్యాండిలూ, మడ్‌గార్డూ, అంటే ఆయన కూర్చున్న చోటికి కనిపించేవాటి మీద మాత్రం గుడ్డతో నాలుగు విసుర్లు విసిరి, "పోయిందండీ" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, "నువ్వన్నావంటే పోయినట్టే" అని ఎక్కి వెళ్లిపోయారు.

రొట్టెల దుకాణం దగ్గర పల్లంలో బ్రేకు వేశారట. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు పైన పుటుక్కున విరిగింది. ఆయన మొహం మీద పడ్డారు. భుజం దగ్గర ఎముక విరిగింది, ముందు పళ్లు ఊడాయి.

విరిగిన సైకిల్ని ఎవరో మంచివాళ్లు మన షాపుకే తెచ్చి పెట్టారు. విరిగిన చోటు చూశాను. సగం తళతళా మెరుస్తోంది. మిగతా సగం ఎర్రగా తుప్పు పట్టి ఉంది. తుప్పు ఒక్కరోజులో పట్టదని నీకు నేను చెప్పాలా? ఆ పగులు ఎన్నాళ్ల నుంచో అక్కడ ఉంది. ఆయనకి వినిపించిన చప్పుడు దానిదే. ఆయన దాన్ని నా చేతిలో పెట్టి మరీ చెప్పారు.

ఆ ముక్కల్ని వెనక తుక్కు డబ్బాలో అడుగున పెట్టి, పైన పాత ట్యూబులు కప్పేశాను. చెయ్యి దానంతటదే చేసింది అని రాద్దామనుకున్నాను, అదీ అబద్ధమే. ఆలోచించే చేశాను. వాళ్లమ్మాయి వచ్చి ఏమైందండీ అని అడిగితే, "గుంతలో పడి ఉంటుంది" అన్నాను. ఆ వీధిలో గుంత లేదక్కా.

ఆయన్ని చూడ్డానికి వెళ్లాను. వాచిన పెదవులతో ఆయన వాళ్లావిడతో ఏమన్నారో తెలుసా? "సైకిలు తప్పేం లేదు, ఈ అమ్మాయి అప్పుడే బాగుచేసి ఇచ్చింది. గుంత నేనే చూసుకోలేదు. ఇప్పుడు తల్చుకుంటే గుంత చూసినట్టే గుర్తొస్తోంది." నేను కల్పించిన గుంతని ఆయన చూశారట! నిజం అక్కడే చెప్పేయాలనిపించింది. చెప్పలేదు. "జాగ్రత్తగా ఉండండి" అని చెప్పి బయటికి వచ్చేశాను.

వరండాలో వాళ్లమ్మాయి ఆపింది. "లేని చప్పుళ్లు వినిపిస్తాయి, ఉన్న గుంతలు కనిపించవు. నాన్నగారిని ఇంక ఒంటరిగా బయటికి పంపమండీ. ఆ సైకిలు మీరే ఉంచేసుకోండి" అంది. ఆయనకి ఆ సైకిలే కాళ్లు. నడవాలంటే నాలుగడుగులకి ఆయాసం, తొక్కితే ఊరంతా చుట్టబెడతారు. నేను చేసినదానికి ఆయన ఇంట్లో కూర్చోబోతున్నారు, అదీ తన తప్పే అనుకుంటూ.

చెప్పేస్తే నువ్వు ఒళ్లు హూనం చేసుకుని నిలబెట్టిన షాపు పరువు మంటగలుస్తుంది. చెప్పకపోతే నాకు ముద్ద దిగడం లేదు. తిట్టు అక్కా, పర్లేదు. నువ్వు తిట్టకపోతేనే నాకు భయం.

నీ చిన్ని

*

ఒసే చిన్నీ,

తిట్టమన్నావుగా, తిడుతున్నాను. బుద్ధిలేనిదానా, కళ్లు నెత్తికెక్కినదానా! భయంగా ఉందని ఒక పెద్దమనిషి నోరు తెరిచి చెప్తే మడ్‌గార్డు తుడిచి పంపిస్తావా? నా కాలు బాగుండి ఉంటే బస్సెక్కి వచ్చి మరీ రెండు వేసేదాన్ని.

తిట్లు అయిపోయాయి. ఇప్పుడు నా సంగతి విను. ఇది రాయడం మొదలుపెట్టి రెండుసార్లు కాగితం చింపేశాను.

గుడ్డవైద్యం ఉత్తుత్తి వైద్యం కాదే. నేను తుడిచింది ఆయన్ని సంతోషపెట్టడానికి కాదు. నూలుగుడ్డతో ఇనుము మీద నెమ్మదిగా తుడుస్తూ పోతే, కంటికి కనపడని పగులు దగ్గర గుడ్డ పట్టుకుంటుంది. ఒక పోగు అక్కడ చిక్కుకుని నిలబడుతుంది. నాకూ ఆయన చెప్పే చప్పుళ్లు వినిపించేవి కావు, అందుకే చేత్తో వెతికేదాన్ని. పాలాయన సైకిలుకి సీటు కింద గొట్టం పగిలిందని పట్టుకున్నానే, అప్పుడు నీతో అనుకోకుండా కనపడిందన్నాను. అనుకోకుండా కాదు. తుడుస్తుంటే దొరికింది.

మరి నీకెందుకు చెప్పలేదంటావు. నువ్వు మీ ఆయన ఇంటి నుంచి పెట్టె పట్టుకుని నా దగ్గరికి వచ్చిన కొత్త. నీతో మాట్లాడాలంటే గోడతో మాట్లాడినట్టుండేది. షాపులో ఒక మూల కూర్చుని స్పోకులు తుడుస్తూ ఉండేదానివి. ఒకరోజు చప్పుడుగారు అటు వెళ్లగానే నువ్వు ఫక్కున నవ్వావు. "గుడ్డతోనే జబ్బు కుదిర్చేశావే అక్కా" అన్నావు. నీ నవ్వు విని ఎంత కాలమైందో! నవ్వకే, ఇది పని అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నేనూ నవ్వేశాను. ఆ తర్వాత ఎప్పుడు చెబుదామన్నా, ఇన్నాళ్లూ ఎందుకు నవ్వావు అంటావేమోనని ఊరుకున్నాను. నీ నవ్వు కోసం ఆ పెద్దాయన్ని నవ్వులపాలు చేశాను, నీకు పని కూడా నేర్పకుండా పోయాను. ఆయన ఎముక విరగడంలో సగం నాదే.

మిగతా సగం నీది, దాన్ని నాకు అంటగట్టకు. గుంత మాత్రం మొత్తం నీదే. నాకు రాసేశావు, బరువు దిగినట్టుండి ఉంటుంది. నాతో చెప్పడం తేలికే, అక్కని కదా, నాలుగు తిట్టి ఊరుకుంటాను. వెళ్లి ఆయనతో చెప్పు. ముక్కలు పట్టుకెళ్లు. వాళ్లమ్మాయి ఇంట్లో ఉండగా చెప్పు, ఆయన్ని మూల కూర్చోబెడుతోంది ఆవిడ కదా. షాపు గురించి బెంగపడకు. ఇక్కడ కుదరకపోతే ఇద్దరం ఇంకో వీధిలో కూర్చుని పంక్చర్లు వేసుకుందాం.

నీ అక్క

*

అక్కా,

జవాబు ఆలస్యం చేశానని కోపంగా ఉన్నావని తెలుసు. మధ్యలో రాస్తే మళ్లీ ఏదో వంక వెతుక్కుంటానని, అంతా తేలాకే కలం పట్టాను.

నీ ఉత్తరం అందిన రోజే ఫోర్కు ముక్కల్ని పాత పేపర్లో చుట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆయన చేతికి కట్టుతో కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. వాళ్లావిడ, అమ్మాయి మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతున్నారు. కూర్చోమన్నారు, కూర్చోలేదు. కూర్చుంటే కబుర్లలో పడిపోతాను, నా సంగతి నాకు తెలుసు. పేపరు విప్పి, "గుంత లేదండీ. నేను కల్పించాను" అని మొదలుపెట్టి, తుప్పు చూపించి, అన్నీ చెప్పేశాను. ఆ రోజు ఎక్కడెక్కడ తుడిచానో, ఎక్కడ తుడవలేదో కూడా చెప్పాను.

వాళ్లమ్మాయి లేచి నిలబడింది. "మీరు మనిషేనా? మేం ఇన్నాళ్లూ ఆయన్ని..." అని ఆగిపోయింది. నన్ను తిట్టడం మానేసి వాళ్ల నాన్న కాళ్ల దగ్గర కూర్చుంది. "నువ్వు చెప్తూనే ఉన్నావు కదా నాన్నా" అని ఏడ్చింది. వాళ్లావిడ మడత పెట్టిన చొక్కానే మళ్లీ విప్పి మళ్లీ మడత పెట్టింది.

ఆయన బాగున్న చేత్తో ముక్క తీసుకుని, కళ్లజోడు పైకి జరుపుకుని, తుప్పు మీద బొటనవేలు రాస్తూ చాలాసేపు చూశారు. ఎముక గురించి గానీ పళ్ల గురించి గానీ ఒక్క మాటా అనలేదు.

"ఆ రోజు వినిపిస్తోందన్నావు కదమ్మా. వినిపించిందా?"

"లేదండీ."

"అంతకు ముందు?"

"ఎప్పుడూ వినిపించలేదు బాబాయిగారూ."

"ఇంట్లో అందరూ లేదనేవాళ్లే. మీ షాపులోనే ఉందనేవారు. అక్కడికొస్తే, నాకింకా మతి పోలేదని ధైర్యంగా ఉండేది. చప్పుడు లేకపోయినా ఒక్కోసారి అందుకే వచ్చేవాణ్ణి." ఆయన ముక్కని నా చేతిలో పెట్టేశారు. "అయితే మీరూ నవ్వుకునేవారన్నమాట."

"నవ్వుకునేవాళ్లమండీ. అక్క నవ్వినా వెతికేది. నేను నవ్వడం ఒక్కటే చేశాను."

"సరే, వెళ్లమ్మా" అన్నారు. కోప్పడి ఉంటే బాగుండేదక్కా. మెట్ల మీద ఎవరూ చూడకుండా ఏడ్చి, మొహం తుడుచుకుని షాపుకి వచ్చాను.

ఊళ్లో తెలిసిపోయింది. వారంటీ బాబు మొహం చాటేశాడు. గాలి పెద్దమనిషి మాత్రం, "గాలికి పగుళ్లేం ఉంటాయిలే" అంటూ వస్తూనే ఉన్నాడు. ఇప్పుడెవరైనా చప్పుడని వస్తే, "నాకు వినిపించలేదండీ, అయినా చూస్తాను" అంటున్నాను. సగం మంది ఆ మాటకే సైకిలు వెనక్కి తిప్పుకుంటున్నారు. ఉన్నవాళ్లవి తలకిందులు చేసి, కళ్లు మూసుకుని తుడుస్తున్నాను. ఇప్పటిదాకా నా గుడ్డకి ఏమీ తగల్లేదు, ఎక్కడ పగులు వదిలేస్తున్నానో అని ప్రతి సైకిలుకీ చెమటలు పడుతున్నాయి. నువ్వొచ్చి నేర్పాలి.

చప్పుడుగారి సైకిలుకి మంచి ఫోర్కు వేసి, వాళ్ల గేటు దగ్గర దింపి వచ్చాను. వాళ్లమ్మాయి దాన్ని లోపలికి తీసుకుంది. ఆయన్ని బయటికి పంపనన్న మాట ఆవిడ మానుకుంది. కానీ నేను వేసిన ఫోర్కు తీయించేసి, మార్కెట్ దగ్గరి షాపులో ఇంకోటి వేయించుకున్నారట. ఆ షాపువాడు ఏ కస్టమర్ చెప్పిందీ చివరిదాకా వినడు. అక్కడికే వెళ్తున్నారు. ఆయన ఇష్టం, నేనేమీ అనడానికి లేదు.

ఇవాళ పొద్దున షాపు తెరుస్తుంటే ఆయన వీధి మలుపు తిరిగి వచ్చారు. కట్టు తీసేశారు. ఒక భుజం కాస్త కిందికి ఉంది గానీ బాగానే తొక్కుతున్నారక్కా, ఎవరూ పక్కన లేరు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను, కళ్లనిండా నీళ్లొచ్చేశాయి. గుడ్డ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆయన చూపు తిప్పలేదు. సరిగ్గా మన షాపు ముందుకి రాగానే బెల్లు కొట్టారు. నాకోసమేమోనని గబగబా మెట్టు దిగాను.

ఆయనకి కుక్క అడ్డొచ్చిందక్కా, అంతే.

నీ చిన్ని