నాన్నకు మిగిలిన మాటలు

బాబాయిగారికి,

నాన్నకు పక్షవాతం వచ్చి తొమ్మిది రోజులైంది. తెలుగు పూర్తిగా పోయి, మీరిద్దరూ కలిసి తెలుగులోకి అనువదించిన వీరగాథలోని పాత ఇంగ్లీషు మాటలే మిగిలాయి.

"తిడుతున్నారా అమ్మా?" అంటోంది నర్సు.

నిఘంటువులో మాటకు అర్థం దొరుకుతోంది గానీ, ఆయనకేం కావాలో దొరకడం లేదు. "బక్లర్" అంటే డాలు కదా, ఒంటికి అడ్డుగా ఏదైనా కావాలేమోనని దుప్పటి కప్పితే విసిరేశారు. నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు.

ఆ పుస్తకం మీద నాన్న మీ పేరు వేయించకపోవడం అన్యాయమే. ప్రూఫులు దిద్దుతూ చూసి కూడా నేను నోరు మెదపలేదు. ఆ కోపం నామీద ఉంచుకునైనా రండి.

పొద్దున్నుంచి తలుపు వైపు చూస్తూ "క్రై మెర్సీ" అంటున్నారు. ఓడిన వీరుడు క్షమించమని వేడుకునే మాట అది. మాతో కాదు బాబాయ్. మేం లోపలికొస్తే ఆపేసి, మా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూస్తున్నారు.

మీ అమ్మాయి